అక్టోబరులో ఇరవై రోజులు: పంజాబ్‌లో ఒక పదెకరాల కమతం కేస్ స్టడీ

పంజాబ్‌లో వరిగడ్డి తగలబెడుతున్నారన్న వార్త ఏటా అక్టోబరులో వస్తుంది. తెలుగు రైతు అది చూసి మొదట అడిగే మాట ఒక్కటే: "అంత గడ్డిని కాల్చుకోవడమేంటి, వాము వేసుకోవచ్చుగా?" ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం గడ్డిలో దొరకదు. ఆ రైతు కట్టే కౌలులో ఉంది, మే నెలలో ఎంచుకున్న విత్తనంలో ఉంది, వరి కోతకీ గోధుమ విత్తనానికీ మధ్య మిగిలే ఇరవై రోజుల్లో ఉంది. పంజాబ్ పల్లెల్లో పండగలు, పెళ్లిళ్లు, అప్పులు, కూలీల రాకపోకలు అన్నీ ఈ రెండు పంటల పంచాంగానికే కట్టుబడి ఉన్నాయి. అందుకే ఆ ఇరవై రోజులు చేజారితే దెబ్బ ఇంటి లోపలి దాకా వెళ్తుంది.

ఇక్కడ తీసుకున్న కమతం ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. సంగ్రూర్, పటియాలా, లుధియానా జిల్లాల్లో మామూలుగా కనిపించే పదెకరాల సేద్యాన్ని నమూనాగా కట్టి, దాని మీద లెక్కలు వేశాం. ధరలు ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధరలు. సాగు పద్ధతులు ఎక్కువగా లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు చేసేవి.

కమతం

సొంతం ఐదు కిల్లాలు, కౌలుకు ఐదు కిల్లాలు. కిల్లా అంటే ఎకరమే. ఎనిమిది కనాళ్లు ఒక కిల్లా, ఇరవై మర్లాలు ఒక కనాల్. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం పంజాబ్ సగటు కమతం 3.62 హెక్టార్లు, అంటే దాదాపు తొమ్మిదెకరాలు. దేశ సగటు 1.08 హెక్టార్లు, మన రెండు రాష్ట్రాల్లో హెక్టారుకు అటూ ఇటూ. కాబట్టి పదెకరాలు చేసేవాడు అక్కడ పెద్ద ఆసామి కాడు, నడిమి రైతు. ఒక బోరు, దాని పక్కన చిన్న గది. ఆ చోటునే 'మోటర్' అంటారు. 1997లో మొదలైన ఉచిత కరెంటు, 50 హార్స్‌పవర్ ట్రాక్టరు, ఒక ట్రాలీ, రెండు మూడు గేదెలు. మోటర్ పక్కన రెండు మర్లాల్లో ఆవకూర, మెంతి, ముల్లంగి. ఇంటికి కావలసిన సాగ్ అక్కడి నుంచే వస్తుంది.

కౌలును 'ఠేకా' అంటారు. మధ్య పంజాబ్‌లో మంచి నేలకు ఎకరాకు ఏడాదికి అరవై వేలు దాటడం మామూలు. డబ్బు ముందే కట్టాలి. ఇంత ధర ఎందుకు పలుకుతోందంటే, కెనడాకో పట్నానికో వెళ్లిన కుటుంబాలు పొలం అమ్మవు, కౌలుకిస్తాయి. మరోపక్క ట్రాక్టరు, బోరు ఉండి పనిలేని రైతు ఇంకో నాలుగెకరాలు దొరికితే చాలని వేలం పాడతాడు. పంట పోయినా కౌలు తగ్గదు.

లెక్క

ఎకరాకు వరి 30 క్వింటాళ్లు, గోధుమ 20 క్వింటాళ్లు అనుకుందాం. రెండూ మంచి దిగుబడులే, అసాధ్యం కావు. 2024 ఖరీఫ్‌లో ఏ గ్రేడు వరికి క్వింటాలు మద్దతు ధర రూ.2,320. 2025 ఏప్రిల్‌లో గోధుమకు రూ.2,425. వరి మీద రూ.69,600, గోధుమ మీద రూ.48,500, మొత్తం రూ.1,18,100. రెండు పంటలకీ విత్తనం, ఎరువు, మందులు, నాటు కూలి, కోత, డీజిల్ కలిపి రూ.35,000 వేసుకుంటే సొంత ఎకరంలో రూ.83,100 మిగులుతుంది. కౌలు ఎకరంలో రూ.65,000 ఠేకా తీసేస్తే మిగిలేది రూ.18,100. ఇంటివాళ్ల కూలి, ట్రాక్టరు అరుగుదల, అప్పు మీద వడ్డీ ఇందులో లెక్కపెట్టలేదు.

ఇప్పుడు గోధుమ రెండు వారాలు ఆలస్యంగా పడిందనుకోండి. సరైన అదును అక్టోబరు నాలుగో వారం నుంచి నవంబరు మధ్య వరకు. ఆ తర్వాత ప్రతి వారానికీ ఎకరాకు సుమారు ఒకటిన్నర క్వింటాలు పడిపోతుంది. రెండు వారాలకు మూడు క్వింటాళ్లు, అంటే రూ.7,275. సొంత ఎకరంలో అది మిగులులో పదకొండో వంతు కూడా కాదు. కౌలు ఎకరంలో మిగులుకు నలభై శాతం. గడ్డి తీసే దాకా ఆగితే ఆ నష్టం, కాలిస్తే పొలం వెంటనే ఖాళీ. అగ్గిపెట్టె బయటికి తీసేది ఈ లెక్కే. పొగ వల్ల మొదట ఊపిరాడక బాధపడేది తన పిల్లలూ తన గేదెలేనని ఆ రైతుకు తెలియదని మాట్లాడటం అన్యాయం. జరిమానా భయం పెడితే కొన్ని మంటలు ఆగుతాయి, రూ.18,100 మాత్రం పెరగదు. ఇరవై రోజుల్ని నలభై రోజులు చేసే దారి చూపాలి. ఆ దారి అక్టోబరులో దొరకదు, మే నెలలోనే మొదలవ్వాలి.

గడ్డి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర పశువుకు వరిగడ్డి ప్రధాన మేత. పంజాబ్‌లో గోధుమ పొట్టు. దాన్ని 'తూడీ' అంటారు. తూడీ, బర్సీమ్ పచ్చిమేత ఉండగా సిలికా ఎక్కువున్న వరిగడ్డి అక్కడి రైతు వేయడు, అలవాటు లేని గేదె ముట్టదు. బాస్మతి గడ్డి మాత్రం మేపుతారు, అది చేత్తో కోసే చోట్ల మరీనూ. మిగతాదంతా హార్వెస్టర్ కోతే. నిలిచిన కొయ్యకాళ్లూ, వాటి మీద వరసగా కుప్పపడ్డ గడ్డీ కలిసి ఎకరాకు రెండున్నర నుంచి మూడు టన్నులు.

మే నెల నిర్ణయం: ఏ రకం

2009 భూగర్భ జల సంరక్షణ చట్టం వచ్చాక జూన్‌లో ప్రభుత్వం చెప్పిన తేదీకి ముందు నాటు వేయకూడదు. మొదట జూన్ 10 అన్నారు, తర్వాత పలుమార్లు మార్చారు. ఎండలు మండే మే నెలలో మడి కడితే నీరు ఆవిరైపోతుంది కాబట్టి ఆ చట్టం అవసరమే. రాష్ట్రంలోని 150కి పైగా బ్లాకుల్లో వందకు పైగా బ్లాకులు ఊరే నీటికంటే ఎక్కువ తోడేస్తున్నాయి. కానీ నాటు వెనక్కి జరిగింది, రకం మారలేదు. చిక్కంతా అక్కడ మొదలైంది. పూసా 44 రకం గింజ పడ్డ నాటి నుంచి 155-160 రోజులు తీసుకుంటుంది. మే 20న నారు పోస్తే అక్టోబరు నాలుగో వారానికి గానీ కోతకు రాదు. ఆ రోజే గోధుమ అదును మొదలవుతుంది.

పీఆర్ 126 అనే రకం నాటిన 93 రోజులకే కోతకొస్తుంది, నారుమడితో కలిపి 123 రోజులు. జూన్ 25న నాటితే సెప్టెంబరు చివరికి పంట చేతికొస్తుంది. దిగుబడి పూసా 44 కంటే రెండు మూడు క్వింటాళ్లు తక్కువైనా నీళ్లు, మందులు, రోజులు మిగులుతాయి. కౌలు ఎకరం లెక్కలో రోజులే ముఖ్యం. 2024 ఖరీఫ్ నుంచి పూసా 44 సాగును రాష్ట్రం నిషేధించింది.

పొరపాట్లు జరిగేది నారు వయసు దగ్గర. పూసా 44కు నలభై రోజుల నారు నాటి అలవాటు పడ్డ రైతు పీఆర్ 126ను కూడా అలాగే ముదరబెడతాడు. స్వల్పకాలిక రకానికి నారుమడిలోనే సగం వయసు గడిచిపోతే, పొలంలో పడ్డాక పిలకలు వేయడానికి సమయం ఉండదు. వెన్ను ముందే వస్తుంది, చిన్నగా వస్తుంది. 25-30 రోజుల నారు దాటకూడదు. రెండో పొరపాటు త్వరపడి జూన్ ఆరంభంలోనే నాటడం. అప్పుడు సెప్టెంబరు వర్షాల్లో గింజ గట్టిపడుతుంది, తేమ దిగదు, యార్డులో సంచులు ఆగిపోతాయి. పీఆర్ 126కు జూన్ 25 నుంచి జులై 10 మధ్య నాటు సరైనది. ఇంకోటి విత్తనం. 2024లో మిల్లర్లు ఈ రకంలో క్వింటాలుకు 67 కిలోల బియ్యం రావడం లేదని దింపుకోవడానికి నిరాకరించారు, యార్డులు నిండిపోయాయి. పీఆర్ 126 పేరు మీద హైబ్రిడ్లు కలిపి అమ్మారన్న ఫిర్యాదులు కూడా ఆ సమయంలోనే వచ్చాయి. బిల్లు లేని విత్తనం కొనకూడదు. విశ్వవిద్యాలయం మార్చిలో, సెప్టెంబరులో కిసాన్ మేళా పెడుతుంది, మార్చి మేళాలోనే విత్తనం తెచ్చుకోవడం మేలు.

బురద లేకుండా వరి

సొంత ఐదెకరాల్లో నల్లగా బరువుగా ఉన్న రెండెకరాలు, నారు పోసి నాటకుండా వరిని నేరుగా విత్తడానికి పనికొస్తాయి. ఇసుక పాలు ఎక్కువున్న నేలలో ఈ పద్ధతి జోలికి పోకూడదు. నీళ్లు నిలవవు, ఇనుము లోపం చంపేస్తుంది, మధ్యలో వదిలేసి మళ్లీ నాట్లు వేసుకున్నవాళ్లు చాలామంది.

ముందు లేజర్ లెవెలర్‌తో చదును. ఆ తర్వాత విత్తే ముందు తడి, దాన్ని 'రౌణీ' అంటారు. భూమి 'తర్ వట్టర్'కు వచ్చినప్పుడు విత్తాలి. వట్టర్ అంటే మన పదునే. పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి, చెయ్యి బురద కాకూడదు. తర్ వట్టర్ అంటే ఆ పదునుకు రవ్వంత తడి వైపు. ఎకరాకు 8 నుంచి 10 కిలోల గింజ, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నానబెట్టి, నీడన ఆరబెట్టి, అంగుళంన్నర లోతులో, 20 సెంటీమీటర్ల సాలు. జూన్ 1 నుంచి 15 లోపు, ఎండ తగ్గాక సాయంత్రం. వెంటనే పెండిమెథాలిన్ అనే కలుపు మందు లీటరు 200 లీటర్ల నీటిలో పిచికారీ. లక్కీ సీడర్ అనే యంత్రం విత్తనం వేస్తూనే మందు కూడా కొడుతుంది. మొదటి తడి 21 రోజుల తర్వాత. రైతుకు కష్టమనిపించేది ఇదే. పన్నెండో రోజు పైరు లేతగా, నేల నెర్రెలిచ్చినట్టు కనిపిస్తే చెయ్యి మోటర్ స్విచ్ మీదికి పోతుంది. ఆగాలి. వేరు లోతుకు దిగేది ఆ మూడు వారాల్లోనే, లోతుకు దిగిన వేరుకే ఇనుము అందుతుంది. మొదటి తడి తొందరగా ఇచ్చిన పొలంలో కలుపు రెట్టింపు, ఆకు పసుపు. పసుపు వస్తే ఒక శాతం ఫెర్రస్ సల్ఫేట్, అంటే కిలో వంద లీటర్లలో కలిపి, వారానికోసారి రెండు మూడు సార్లు.

మొలక రాకముందే వాన పడితే పైన పెచ్చు కడుతుంది. దీన్ని 'కరండ్' అంటారు. ఆ రోజు మధ్యాహ్నమే తేలిక పళ్ల గొర్రుతో పెచ్చు పగలగొట్టాలి. రెండ్రోజులు చూద్దామనుకుంటే మళ్లీ విత్తుకోవడమే. ఈ పద్ధతిలో 15 నుంచి 20 శాతం నీరు మిగులుతుంది. బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చే నాటు కూలీలు రైళ్లు లేక 2020లో రానప్పుడు లక్షల ఎకరాల్లో దీన్ని పట్టుకున్నారు. తర్వాతి ఏళ్లలో చాలామంది వదిలేశారు. కారణం ఎక్కువగా కలుపే.

కోత, గడ్డి, గోధుమ

ఇక్కడ ఎక్కువసేపు ఆగుతున్నాం, ఎందుకంటే డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

హార్వెస్టర్ వెనక సూపర్ ఎస్ఎమ్ఎస్ అనే గడ్డి చల్లే భాగం ఉండాలి. అది లేని బండి గడ్డిని గట్టులా వరసగా పోస్తుంది, ఆ గట్టు మీద ఏ విత్తన యంత్రమూ నడవదు. ఎస్ఎమ్ఎస్ నడిపితే ఇంజనుకు బరువు, డీజిల్ ఎక్కువ. అందుకని డ్రైవర్లు చాలాసార్లు ఆపేసి కోస్తారు. ఎకరాకు వంద రెండొందలు ఎక్కువిచ్చి అయినా దాన్ని నడిపించుకోవాలి. కోసే ముందు చివరి తడి సంగతి కూడా ఇప్పుడే. కోతకు రెండు వారాల ముందు నీళ్లు ఆపాలి. పొలం తడిగా ఉంటే హార్వెస్టర్ చక్రాల చాళ్లు పడతాయి, ఆ చాళ్లలో గోధుమ మొలవదు. సాయంత్రం ఏడు తర్వాత కోస్తే మంచుకు గింజ తేమ పెరుగుతుంది. 17 శాతం దాటిన వరిని యార్డులో కొనరు.

హ్యాపీ సీడర్ అనే విత్తన యంత్రం పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల సాయంతో 2000ల మొదటి సంవత్సరాల్లో తయారైంది. ముందు తిరిగే కత్తులు నాగలి కర్రు ముందున్న గడ్డిని మాత్రమే తప్పించి, అక్కడ విత్తనం, డీఏపీ వేసి, గడ్డిని సాళ్ల మధ్య పరుపుగా వదిలేస్తాయి. 45 హార్స్‌పవర్ ట్రాక్టరు చాలు. సూపర్ సీడర్ అయితే గడ్డిని నేలలో కలిపేస్తుంది, దానికి 55 పైన కావాలి, డీజిల్ ఎక్కువ. పొలం నల్లగా దున్నినట్టు కనిపిస్తుంది కాబట్టి రైతులకు అదే నచ్చుతోంది. పైన గడ్డి పరిచిన పొలంలో గోధుమ మొలిచే తొలి పదిహేను రోజులు చూడటానికి బాగోదు, పక్క రైతు వచ్చి నవ్వుతాడు. డిసెంబరులో పైరు పైకొచ్చాక రెండూ ఒకేలా ఉంటాయి. మా అంచనాలో, 50 హార్స్‌పవర్ ట్రాక్టరున్న ఈ కమతానికి హ్యాపీ సీడరే సరి.

గింజ ఎకరాకు 45 కిలోలు, మామూలు కంటే ఐదు కిలోలు ఎక్కువ. డీఏపీ 65 కిలోలు విత్తేటప్పుడే. యూరియా 45 కిలోల చొప్పున మొదటి, రెండో తడికి సరిగ్గా ముందు చల్లాలి. తడి ఇచ్చాక చల్లితే యూరియా గడ్డి మీదే ఉండి ఆవిరైపోతుంది. పొద్దున మంచు ఆరకముందు యంత్రం దించకూడదు. తడి గడ్డి కత్తులకు చుట్టుకుంటుంది, గొట్టాలు మూసుకుంటాయి, వెనక మనిషి లేకపోతే రెండు సాళ్లు గింజ లేకుండా పోయాయని పది రోజుల తర్వాత గానీ తెలియదు. పది పదకొండు గంటల నుంచి సాయంత్రం ఐదు దాకా పని. రోజుకు ఆరు నుంచి ఎనిమిదెకరాలు. నేలలో తేమ మామూలు దున్నిన పొలానికంటే కాస్త తక్కువున్నా పర్వాలేదు, గడ్డి కింద తేమ ఆరదు. మొదటి తడి తేలికగా, తేలిక నేలకు 25, బరువు నేలకు 30 రోజుల తర్వాత. బరువు నేలలో మొదటి తడికి నీళ్లు నిలబడితే పైరు పసుపెక్కి పది రోజులు కోలుకోదు. అప్పుడే "హ్యాపీ సీడర్ పనికిరాదు" అన్న మాట ఊరంతా పాకుతుంది. తప్పు కాలవ గేటుది.

ఇంకో రెండు శత్రువులున్నాయి. గులాబీ రంగు కాండం తొలుచు పురుగు వరి కొయ్యలో దాక్కుని, అక్టోబరులో వేడిగా ఉన్నప్పుడే విత్తిన గోధుమ మొవ్వును తింటుంది. మధ్య ఆకు ఎండి, లాగితే చేతికి వస్తుంది. వరిలో పురుగు ఎక్కువగా ఉన్న పొలంలో అక్టోబరు చివరి దాకా ఆగి విత్తాలి. రెండోది ఎలుకలు. గడ్డి కింద అవి హాయిగా ఉంటాయి. గట్ల మీద బొరియలన్నీ సాయంత్రం మట్టితో మూసి, పొద్దున తెరుచుకున్న వాటిలోనే మందు పెట్టాలి.

యంత్రం దొరకని ఎకరాలకు పైపైన విత్తే పద్ధతి ఉంది. కోత అయిన పొలంలో 45 కిలోల గోధుమ, 65 కిలోల డీఏపీ చల్లి, నాలుగైదు అంగుళాల ఎత్తులో కటర్‌తో గడ్డిని కోసి సమానంగా పరచి, తేలిక తడి ఇవ్వడమే. ఖర్చు తక్కువ. సమానంగా చల్లడం మీదే అంతా ఉంది. గడ్డి గుట్ట పడ్డ చోట మొలక రాదు, కాబట్టి ఆ రోజే చేత్తో సర్దాలి.

బేళ్లు కట్టి కరెంటు ప్లాంటుకు పంపడం కూడా చేస్తున్నారు. కాలుష్యానికి మంచిదే. బేలర్ తన ఊరికి ఎప్పుడొస్తుందో రైతు చేతిలో ఉండదు, అదే సమస్య. పైగా టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ ఉంటాయి. రెండున్నర టన్నులు పొలం దాటితే ఎకరాకు అరవై కిలోలకు పైగా పొటాష్ దాటినట్టు. ఏటా బేళ్లు పంపే పొలానికి పొటాష్ విడిగా వేయాలి, ఎవరూ వేయడం లేదు.

యంత్రం ఎవరిది

పదెకరాలకు హ్యాపీ సీడర్ కొనడం తప్పు. ఇరవై రోజుల్లో ఒక యంత్రం 120 నుంచి 160 ఎకరాలు చేయగలదు. వెయ్యి ఎకరాల ఊరికి ఏడెనిమిది చాలు. 2018 నుంచి కేంద్ర పథకంలో ఒక్కొక్క రైతుకు సగం, సహకార సంఘాలకూ అద్దె కేంద్రాలకూ 80 శాతం సబ్సిడీ ఇచ్చారు. సంఘం పేరున కొన్న యంత్రం తుప్పు పట్టే ఊళ్లు ఉన్నాయి, రాత్రింబగళ్లు తిరిగే ఊళ్లూ ఉన్నాయి. తేడా ఎక్కడంటే వరస రాయడంలో. ఊరి పొలాలను కోత తేదీ ప్రకారం రాసి, గురుద్వారా మైకులో ముందు రోజు సాయంత్రం చదివే ఊరిలో తగవు రాదు. తెలిసినవాడు ముందు పట్టుకుపోయే ఊరిలో, మూడో రోజుకు చిన్న రైతు విసిగి అగ్గి పెడతాడు.

ఇది కొత్త సంస్కృతి కాదు. గోధుమ కొడవలితో కోసిన రోజుల్లో 'ఆవత్' ఉండేది. ఒకరి చేనుకు ఊరంతా వెళ్లి కోసిచ్చేది, చేనువాళ్లు నెయ్యి, బెల్లంతో అన్నం పెట్టేవాళ్లు, పక్కన ఢోలు మోగేది. మన బదులుకు పోవడం లాంటిదే. కమ్మరి, వడ్రంగులకు కల్లంలో గింజ కొలిచివ్వడాన్ని 'సేపీ' అనేవారు, మన మేర. హార్వెస్టర్ వచ్చాక ఆవత్, సేపీ రెండూ పోయాయి. చేతులు కలిసే చోటు సహకార సంఘం షెడ్డుకు మారింది. అక్కడా కలవకపోతే పంజాబీ ఊరికి మిగిలేది పక్కపక్క ఇళ్లే.

పంటలు, పండగలు

పంజాబీ సంస్కృతి, వ్యవసాయం ఒకటేనని చాలామంది రాస్తారు. కాస్త దగ్గరికెళ్లి చూస్తే ఏ పంట, ఏ పండగ అన్న తేడా తెలుస్తుంది. ఏప్రిల్‌లో వచ్చే బైసాఖి గోధుమది. 1699లో సిక్కుల ఖాల్సా పంథ్ ఏర్పడిన రోజు కూడా అదే కాబట్టి కల్లం, గురుద్వారా ఒకే రోజున కలుస్తాయి. జనవరిలో వచ్చే లోహ్రీ చెరుకుది, నువ్వులది, మొక్కజొన్నది. ఆ రాత్రి మంటలో నువ్వులు, పేలాలు వేస్తారు. చెరకు రసంలో బియ్యం ఉడికించి మర్నాడు తింటారు, 'పోహ్ రిద్ధీ, మాఘ్ ఖాధీ' అంటారు, పుష్యంలో వండి మాఘంలో తినడం. ఆవకూర సాగ్, మొక్కజొన్న రొట్టె చలికాలపు చేనివి. పత్తి ఉన్నప్పుడు ఆడవాళ్లు రాట్నాలు పెట్టుకుని ఒకచోట చేరే 'త్రింజణ్' ఉండేది. వరికి, మధ్య పంజాబ్‌లో, పాట లేదు, పండగ లేదు, పళ్లెంలో రోజూ చోటు కూడా లేదు. అమృత్‌సర్ వైపు ప్రాంతమైన మాఝాలో బాస్మతి సంగతి వేరు. 1960-61లో రాష్ట్రంలో వరి 2.27 లక్షల హెక్టార్లు, ఇప్పుడు 31 లక్షలు దాటింది. దేశం బియ్యం అడిగింది, మద్దతు ధర పెట్టి కొంది, పంజాబ్ పండించింది. అప్పుడు తొమ్మిది లక్షల హెక్టార్ల దాకా ఉన్న పప్పులు దాదాపు మాయమయ్యాయి. లోహ్రీకి నువ్వులు, పల్లీలు ఇప్పుడు దుకాణం నుంచి వస్తున్నాయి. పండగ ఆగలేదు, చేనుతో ఉన్న సంబంధం తెగింది. ఈ కమతంలో ఆ సంబంధం మిగిలింది మోటర్ పక్కనున్న రెండు మర్లాల్లో.

సిక్కు జీవితంలో సేద్యానికున్న గౌరవం మాత్రం చెక్కు చెదరలేదు. గురు నానక్ తన చివరి సంవత్సరాలు, 1539 వరకు, రావి ఒడ్డున కర్తార్‌పూర్‌లో స్వయంగా వ్యవసాయం చేశారు. కష్టపడి సంపాదించడం, పంచుకుని తినడం ఆయన చెప్పిన మూడు సూత్రాల్లో రెండు. గోధుమ రాగానే ఇంటి వాటా కొంత గురుద్వారాలో అందరికీ ఉచితంగా అన్నం పెట్టే లంగర్‌కు వెళ్తుంది. ఈ అలవాటు ఎంత గట్టిదో 2020-21లో, సాగు చట్టాలకు వ్యతిరేకంగా సాగిన రైతు ఉద్యమంలో దేశమంతా చూసింది. నవంబరు 26న ట్రాలీలు ఢిల్లీ వైపు కదిలే నాటికి చాలావరకు గోధుమ విత్తడం అయిపోయింది. మొదటి తడి ఇంకా ఇవ్వాలి. వెళ్లినవాళ్ల చేలకు ఊళ్లో ఉన్నవాళ్లు నీళ్లు పెట్టారు, పిండి, పాలు, కట్టెలు వెనకాలే పంపారు, వంతులేసుకుని మనుషులు మారారు. ఏడాదికి పైగా సాగిన ఆ దీక్ష వెనకున్నది ఆవత్ అలవాటే.

ఈ చిత్రంలో రాయకుండా వదిలేసేది 'సీరీ'ని. పంటలో వాటాకు ఏడాదంతా పనిచేసే మనిషి, మన పాలేరు. ఎక్కువగా దళితుడు. రాష్ట్ర జనాభాలో దాదాపు మూడో వంతు దళితులు, వాళ్ల చేతిలో భూమి చాలా తక్కువ. పంచాయతీ ఉమ్మడి భూమి వేలంలో మూడో వంతు వాళ్లకు కేటాయించాలని నిబంధన ఉంది. సంగ్రూర్ ప్రాంతంలో దానికోసం ఏళ్లుగా పోరాడుతున్నారు, బినామీ పేర్లతో పెద్ద రైతులే పాడుకోవడం వాళ్ల ఫిర్యాదు. ఆ భూమి చేతికొచ్చిన ఇళ్లలో ఆడవాళ్లు మొదట చేసేది గేదెకు పచ్చిమేత వేయడం. ఇంకొకరి గట్టు మీద గడ్డి కోసుకోవడానికి అడుక్కోవలసిన పని తప్పుతుంది. పంజాబీ సేద్య సంస్కృతి అన్నప్పుడు ఈ మేత మడి కూడా అందులో ఉండాలి.

పెళ్లిళ్లు వరి డబ్బు వచ్చాకే, నవంబరు నుంచి. డబ్బు 2021 ఏప్రిల్ నుంచి నేరుగా రైతు ఖాతాలో పడుతోంది. కానీ పెళ్లికీ ఆసుపత్రికీ రాత్రి పదింటికి తలుపు తట్టేది 'ఆఢ్తీ' ఇంటిదే, కమీషన్ ఏజెంటుది. నూటికి నెలకు రూపాయిన్నర, రెండు రూపాయల వడ్డీ. పంట ఆయన దుకాణం ముందే దించాలి. ఈ కమతంలో కౌలు ఐదెకరాల మిగులంతా కలిపితే రూ.90,500. ఒక పెళ్లికి అది చాలదు.

మనకు సంబంధం

పటియాలా జిల్లా నాభా, భాద్సోన్‌లలో తయారయ్యే హార్వెస్టర్లు, వాటి పంజాబీ డ్రైవర్లు సీజన్‌కు తెలంగాణ, ఆంధ్ర ఊళ్లకు వస్తారు. కోత వాళ్లది, గడ్డి పద్ధతి కూడా వాళ్లదే అవుతోంది. తెలంగాణలో యాసంగి నాటుకు తొందరపడి కొయ్యకాళ్లు తగలబెట్టడం పెరిగింది. హార్వెస్టర్ మాట్లాడుకునేటప్పుడే ఎస్ఎమ్ఎస్ ఉందా, నడుపుతావా అని డ్రైవర్‌ను అడగాలి.

ఏప్రిల్

గోధుమ 12 శాతం తేమలోపు దిగాలి, యార్డులో ధరకు అదే హద్దు. కోత కాగానే స్ట్రా రీపర్‌తో తూడీ చేసుకోవాలి, ఆ తూడీతోనే ఏడాదంతా గేదెలకు గడుస్తుంది. పీఆర్ 126 జూన్ చివర నాటుతాం కాబట్టి ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు పొలం ఖాళీ. కౌలు ఎకరం లెక్క మారేది ఇక్కడే. ఏప్రిల్ 20 లోపు హ్యాపీ సీడర్‌తోనే పెసర వేయొచ్చు, అరవై అయిదు రోజుల పంట, గింజ ఎకరాకు 12 నుంచి 15 కిలోలు రకాన్ని బట్టి, మూడు నుంచి ఐదు తడులు. పత్తి పండే దక్షిణ జిల్లాల్లో వద్దు, తెల్లదోమ పెసర మీద పెరిగి పత్తికి ఎక్కుతుంది. 2015లో పత్తిని నాశనం చేసింది ఆ దోమే. కాయ ఒకేసారి ఎండాలని కోతకు ముందు పారాక్వాట్ అనే కలుపు మందు కొడుతున్నారు. అది తినే గింజ మీద పడే విషం. కొట్టకుండా, ఎనభై శాతం కాయ నల్లబడ్డాక కోసి రెండ్రోజులు ఎండబెట్టి నూర్చుకోవాలి. పెసర మొక్కను దున్నేసి, నాలుగైదు రోజులాగి నీళ్లు కట్టి, 25 రోజుల నారు తెచ్చుకోవాలి.